నలుసులు, సిమ్యులేటర్లు, ఒక మొక్కజొన్న చేను

పోయిన నెల ఆఫీసులో ఒక చిన్న తగువు పడ్డాను. తగువంటే పెద్దదేం కాదు లెండి, కన్సల్టెంటుకి క్లయింటుతో పోట్లాడే స్వేచ్ఛ ఎక్కడిది! మందులూ, టీకాలూ నిల్వచేసే పెద్ద కోల్డ్ స్టోరేజీ అది. అందులో అరల నిండా ఉష్ణోగ్రత చూసే వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాలి, 200 దాకా. మావాళ్ళు గోదామంతటినీ కంప్యూటర్లో కట్టి, సిమ్యులేషన్ నడిపి చూపించారు. తెర మీద అన్నీ పచ్చచుక్కలే. అవతలి మేనేజరు ముచ్చటపడిపోయి, "ఇంత బాగా పనిచేస్తుంటే మళ్ళీ ట్రయల్ ఎందుకు? నేరుగా అన్నీ ఒకేసారి బిగించేద్దాం" అన్నాడు. గదిలో అందరూ తలూపారు. నేనొక్కడినే, "రెండు వారాలు టైమివ్వండి, ముందు ఓ డజను పెట్టి చూద్దాం" అన్నాను.

"ఎందుకు? ఏం అనుమానం?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర స్లైడు లేదు, ఒక కథ ఉంది. మీటింగులో చెప్పేంత చిన్నది కాదు. అందుకని ఇక్కడ చెప్తున్నాను. ఓపికున్నవాళ్ళు చదవండి.

ఈ సెన్సర్ నెట్‌వర్కుల పుట్టుక కాలిఫోర్నియాలోని బర్కిలీలో. 1990ల చివర అక్కడ క్రిస్ పిస్టర్ అనే ప్రొఫెసరు 'స్మార్ట్ డస్ట్' అనే ఊహ మొదలుపెట్టాడు. కొలిచేది, లెక్కకట్టేది, కబురు పంపేది అన్నీ ఒక ధూళికణమంత వస్తువులో ఇరికించి గాల్లో చల్లేస్తే ఎలా ఉంటుంది అని. అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ డార్పా డబ్బిచ్చింది. అందుకే ఆ పరికరాలకి 'మోట్' అని పేరొచ్చింది. మోట్ అంటే నలుసు. మన కంట్లో పడేదే. అయితే ఆచరణలో ఆ నలుసు రెండు పెన్సిల్ బ్యాటరీలంత లావు తేలింది, ఎందుకంటే దాన్ని నడపడానికి రెండు పెన్సిల్ బ్యాటరీలు కావాలి కాబట్టి.

పిస్టర్ వస్తువు చేస్తుంటే, అదే బర్కిలీలో డేవిడ్ కల్లర్ బృందం దానికి ప్రాణం పోసే పనిలో పడింది. జేసన్ హిల్ వగైరాలు 2000లో టైనీఓఎస్ అనే బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్‌ని లోకానికి చూపించారు. ఎంత బుల్లిదో చెప్పాలంటే, ఆ కాలపు మైకా మోట్‌లో పనిచేసే జ్ఞాపకశక్తి 4 కిలోబైట్లు. మీరు ఇప్పటిదాకా చదివిన ఈ నాలుగు పేరాల తెలుగు కూడా అందులో పట్టదు.

ఇప్పుడు ప్రోగ్రామర్ల బాధ ఆలోచించండి. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. ఉన్నవల్లా మూడు దీపాలు: ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. లోపల ఏదో తప్పు జరిగితే ఆ మూడు దీపాలు వెలిగేదాన్నిబట్టి ఊహించుకోవాలి. ఒక్క మోట్ అయితే ఎలాగో తంటాలు పడొచ్చు. యాభై మోట్లు ఒకదానికొకటి కబుర్లు అందించుకుంటూ పోతుంటే, ఇరవై మూడోది ఎందుకు అలిగిందో కనుక్కోవడం ఎలా? ప్రతి బగ్గుకీ యాభై డబ్బాల మూతలు విప్పి, కేబులు పెట్టి, కొత్త ప్రోగ్రాము ఎక్కించి, మళ్ళీ మూతలు బిగించాలి. అందుకని ముందు కంప్యూటర్లో నడిపి చూసుకుందాం అన్న ఆలోచన సోమరితనం కాదు, వేరే దారి లేకపోవడం.

అప్పటికే నెట్‌వర్కుల వాళ్ళ చేతిలో ఎన్ఎస్-2 అనే సిమ్యులేటర్ ఉండేది. దాని వంశం 1980ల చివర వచ్చిన రియల్ అనే సిమ్యులేటర్ దగ్గర మొదలవుతుంది. రాసింది కేశవ్ అనే భారతీయుడు. అది పెరిగి పెరిగి ఎన్ఎస్ అయింది. 1998 ప్రాంతంలో కార్నెగీ మెలన్ వాళ్ళు దానికి వైర్‌లెస్ హంగులు చేర్చారు. ఆ తర్వాత పదేళ్ళ పాటు మన ఎమ్‌టెక్ ప్రాజెక్టుల్లో, ఎమ్మెస్ థీసిస్‌లలో సగం దాని మీద బతికాయంటే అతిశయోక్తి కాదు. యాభై నోడ్లు, 250 మీటర్ల రేంజి, ఒక టీసీఎల్ స్క్రిప్టు, చివర్లో ఒక గ్రాఫు. హైదరాబాదు అమీర్‌పేటలో ఆ స్క్రిప్టులు రెడీమేడ్‌గా దొరికేవని చెప్పుకునేవాళ్ళు. నేను కొనలేదు కానీ, కొన్నవాళ్ళని ఎరుగుదును.

ఈ 250 మీటర్ల సంగతి చూడండి. సిమ్యులేటర్లో రేడియో చుట్టూ ఒక గుండ్రటి గీత ఉన్నట్టు లెక్క. 249వ మీటరు దగ్గర నోడుకి ప్రతి మాటా స్పష్టంగా వినపడుతుంది. 251వ మీటరు దగ్గర నోడుకి పూర్తిగా చెవుడు. బయటి ప్రపంచంలో రేడియో ఇలా ప్రవర్తించదని సెల్‌ఫోన్ పట్టుకుని డాబా మీద పచార్లు చేసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. కానీ పరిశోధనా పత్రాల్లో మాత్రం ఇదే నడిచిపోయింది. 2003లో డార్ట్‌మత్ కాలేజీ నుంచి డేవిడ్ కాట్జ్, కాల్విన్ న్యూపోర్ట్, చిప్ ఇలియట్ ఒక నివేదిక రాశారు. వైర్‌లెస్ పరిశోధకులు నోటితో అనకపోయినా మనసులో నమ్మేసిన ఆరు అపోహల చిట్టా అది. లోకం బల్లపరుపుగా ఉంటుంది, రేడియో పరిధి గుండ్రంగా ఉంటుంది, అన్ని రేడియోల రేంజీ ఒకటే, నీ మాట నాకు వినపడితే నా మాట నీకూ వినపడుతుంది, వినపడటమంటూ జరిగితే పూర్తిగానే వినపడుతుంది, దూరాన్నిబట్టే సిగ్నల్ బలం తగ్గుతుంది. ఈ ఆరూ తప్పేనని కొలిచి మరీ చూపించారు. (ఆ న్యూపోర్ట్ ఎవరో కాదు, 'డీప్ వర్క్' అనే పుస్తకం రాసి తర్వాత పేరు తెచ్చుకున్నాయనే. అప్పటికి ఇంకా డిగ్రీ కుర్రాడు. ఫోను పక్కన పెట్టి పని చేసుకోమని లోకానికి చెప్పినవాడు ముందు రేడియోల గుట్టు విప్పాడన్నమాట!)

అదే 2003లో నవంబరులో, లాస్ ఏంజెలెస్‌లో సెన్సిస్ అనే సభ మొదటిసారి జరిగింది. అందులో ఫిలిప్ లెవిస్, నెల్సన్ లీ, మాట్ వెల్ష్, డేవిడ్ కల్లర్ కలిసి 'టాసిమ్' అనే సిమ్యులేటర్ గురించి చెప్పారు. దీంట్లో నాకు నచ్చిన తెలివి ఒకటుంది. ఎన్ఎస్-2లో అయితే మీ ఆలోచనని ఒకసారి సిమ్యులేటర్ కోసం రాయాలి, నిజం మోట్ కోసం మళ్ళీ ఇంకోసారి రాయాలి. రెండిటికీ పొంతన ఉందో లేదో దేవుడికెరుక. టాసిమ్‌లో అలా కాదు. మోట్‌లోకి ఎక్కించే ప్రోగ్రామునే, అక్షరం మార్చకుండా, కంప్యూటర్ మీద నడిచేలా కంపైల్ చేస్తారు. అడుగున ఉన్న చిప్పుకి సంబంధించిన నాలుగైదు ముక్కలు మాత్రం మారుస్తారు. టైమరు, రేడియో, సెన్సరు ఇవి నిజం వాటికి బదులు వేషగాళ్ళు. పైన నాటకం మాత్రం అసలుదే. వెయ్యి మోట్లని ఒక్క కంప్యూటర్లో నడిపి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, లోపలికి తొంగిచూడొచ్చు. మూడు దీపాల కాలంతో పోలిస్తే గుడ్డివాడికి చూపొచ్చినట్టే.

రేడియో విషయంలో కూడా వాళ్ళు గుండ్రటి గీతల జోలికి పోలేదు. ఒక నోడు నుంచి ఇంకో నోడుకి బాణం గీసి, ఆ దారిలో ఎంత శాతం బిట్లు చెడిపోతాయో ఒక అంకె రాస్తారు. ఇటు నుంచి అటు ఒక అంకె, అటు నుంచి ఇటు ఇంకో అంకె. ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, ఎవరో ఎక్కడో నిజం మోట్లని వరసగా పేర్చి కొలిచిన లెక్కల నుంచి.

ఇంకో మాట కూడా చెప్పాలి. టాసిమ్ చేసినవాళ్ళు నిజాయితీపరులు. ఇది ఏం పట్టించుకోదో వాళ్ళే రాసిపెట్టారు. ప్రోగ్రాము నడవడానికి పట్టే సమయాన్ని లెక్కించదు, దాని లోకంలో ప్రతి పనీ క్షణంలో అయిపోతుంది. ఒక పని మధ్యలో ఇంకో ఇంటరప్ట్ వచ్చి తలదూర్చదు. బ్యాటరీ అయిపోవడమనేది లేదు. అందువల్ల ఇక్కడ నడిచిన ప్రోగ్రాము నిజం మోట్ మీద నడవకపోవచ్చు అని ముందే చెప్పారు. లోపాల్ని ఒక్కొక్కటిగా పూడ్చినవాళ్ళూ ఉన్నారు. హార్వర్డ్ వాళ్ళు 2004లో పవర్‌టాసిమ్‌తో బ్యాటరీ లెక్క చేర్చారు. యూసీఎల్ఏలో బెన్ టిట్జర్ వాళ్ళు 2005లో అవ్రోరా అని, చిప్పులో ప్రతి ఆదేశాన్నీ గడియారంతో సహా అనుకరించేది చేశారు. కానీ ఏ సామానుకైనా వాడే పద్ధతి కాగితం ఎవరు చదువుతారు? మిక్సీ కొంటే చదువుతామా?

ఇప్పుడు పొలాల్లోకి, దీవుల్లోకి వెళ్దాం. అసలు రుచి అక్కడే ఉంది.

మొదట పేరు తెచ్చుకున్నది గ్రేట్ డక్ ఐలాండ్. అమెరికాకి ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రం తీరంలో ఉన్న చిన్న దీవి. అక్కడ లీచెస్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షులు నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెడతాయి. మనిషి వెళ్ళి తొంగిచూస్తే బెదిరిపోతాయి కాబట్టి, 2002 వేసవిలో బర్కిలీ, ఇంటెల్ వాళ్ళు బొరియల్లోనూ బయటా మోట్లు పెట్టారు. 43 నోడ్లు, 123 రోజులు, 11 లక్షలకు పైగా కొలతలు. గెలుపు కిందే లెక్క. అయితే నోడ్లు ఒకటొకటే చచ్చిపోవడం మొదలైంది. తర్వాత కూర్చుని లెక్కలు చూస్తే ఒక విచిత్రం బయటపడింది: తేమ కొలిచే సెన్సరు ఎప్పుడు పిచ్చి అంకెలు చూపించడం మొదలుపెడితే, ఆ నోడు ఆ తర్వాత కొద్దికాలానికే పోయేది. డబ్బాలోకి నీరు చేరి, సెన్సరు దగ్గర విద్యుత్తు కారిపోయి, బ్యాటరీ ఆరిపోతోందన్నమాట. ఏ సిమ్యులేటర్లో మాత్రం చెమ్మ ఉంటుంది?

రెండోది బంగాళాదుంపల కథ. ఇది నాకు చాలా ఇష్టం. చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది.

నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో ఒక బంగాళాదుంప చేలో దాదాపు వంద మోట్లు పెట్టారు. ఆ పైరుకి ఆకుమాడు తెగులు పెద్ద శత్రువు. 1845లో ఐర్లండ్‌ని కరువులోకి తోసిన తెగులే. ఆకుల మధ్య తేమ, వేడి ఎలా ఉన్నాయో చెట్టు చెట్టు దగ్గరా తెలిస్తే, మందు ఎక్కడ ఎప్పుడు కొట్టాలో తెలుస్తుంది, లేనిపోని చోట కొట్టక్కర్లేదు. మంచి ఉద్దేశం, సమర్థులైన మనుషులు, చేతిలో టైనీఓఎస్.

జరిగింది వినండి. దూరం నుంచి కొత్త ప్రోగ్రాములు ఎక్కించడానికి డెల్యూజ్ అనే ఏర్పాటు పెట్టుకున్నారు. అది తెరిపి లేకుండా పనిచేస్తూనే ఉండి నాలుగు రోజుల్లో బ్యాటరీలన్నీ తాగేసింది. సరే, దాన్ని తీసేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఇంకోటి. పక్కవాళ్ళ జాబితా రెండు చోట్ల ఉంటుంది, దారి వెతికే భాగంలో ఒకటి, రేడియోని నడిపే భాగంలో ఒకటి. రెండు జాబితాల పొడుగూ వేరు. కొద్ది నోడ్లున్నప్పుడు ఎవరికీ తేడా తెలియదు. చేలో ఒత్తుగా పెట్టేసరికి, పై భాగం ఫలానా పొరుగువాడికి పంపమంటుంది, కింది భాగం ఆ పొరుగువాడెవడో నాకు తెలియదంటుంది. ప్యాకెట్టు బుట్టదాఖలు. ప్రోగ్రాము బిగుసుకుపోతే తనంతట తాను లేవడానికి కాపలా టైమరు పెడితే, రెండు నుంచి ఆరు గంటలకోసారి చాలా నోడ్లు పడి లేవడం మొదలుపెట్టాయి. ఒకటి పడి లేచినప్పుడల్లా ఇరుగుపొరుగులు దాన్ని మర్చిపోయి మళ్ళీ పరిచయాలు చేసుకోవాలి. సేకరించిన దాన్ని ఊళ్ళోకి పంపే పెద్ద పెట్టెకి సోలార్ పలక పెట్టారు, డచ్చి ఆకాశం సంగతి తెలిసిందే, రోజూ మధ్యాహ్నం లేచి మర్నాటి పొద్దుటికల్లా పడుకునేది. పోనీ ఏది పోయినా ప్రతి నోడూ తన కొలతల్ని తన దగ్గర కూడా దాచుకుంటుంది కదా, పంట అయ్యాక డబ్బాలు విప్పి తీసుకుందాంలే అనుకున్నారు. చిన్న బగ్గు వల్ల అదీ దాగలేదు.

97 నోడ్లు, మూడు వారాలు. చేతికొచ్చింది కొలతల్లో 2 శాతం.

దీని మీద కోయెన్ లాంగెన్‌డోన్, అలీన్ బాజియో, ఆటో విసర్ 2006లో ఒక పత్రం రాశారు. పేరు 'మర్ఫీకి బంగాళాదుంపలంటే ఇష్టం' అని. చెడగలిగిందేదైనా చెడే తీరుతుందన్న మర్ఫీ సూత్రం తెలుసు కదా. వాళ్ళ మీద నాకు గౌరవం ఎందుకంటే, ఈ 2 శాతాన్ని దాచలేదు. పత్రం పేరులోనే దండోరా వేసుకున్నారు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ అది పాఠ్యపుస్తకమైంది.

ఇంకో చిన్న ఉదాహరణ. 2005 ఆగస్టులో మాట్ వెల్ష్ (టాసిమ్ రాసిన నలుగురిలో ఒకడు) బృందం ఈక్వడార్‌లో రెవెంటడోర్ అనే అగ్నిపర్వతం మీద 16 నోడ్లు పెట్టింది. 19 రోజుల్లో 230 ప్రకంపనలు పట్టుకుంది. కానీ మొదట్లోనే ఒక సాఫ్ట్‌వేర్ లోపం మూడు రోజుల పాటు నెట్‌వర్కు మొత్తాన్ని పడుకోబెట్టింది. నోడ్ల గడియారాలు కలిపే పద్ధతి కూడా అప్పుడప్పుడూ తప్పుడు సమయం ఇచ్చింది. సిమ్యులేటర్ చేసినవాడికే ఇలా అయితే, వాడినవాళ్ళ సంగతి ఏం చెప్పాలి.

ఇక నా సంగతి.

నేను ఎమ్మెస్ చేసింది మిడ్‌వెస్ట్‌లో ఒక విశ్వవిద్యాలయంలో, 2011 నుంచి 2013 దాకా. థీసిస్ విషయం, పొలంలో నేల తేమని కొలిచే నోడ్లు తక్కువ కరెంటుతో కబుర్లు ఎలా అందించుకోవాలి అని. మా ల్యాబులో టెలోస్‌బి మోట్లు ఓ ఇరవై ఉండేవి, సగం పాతవి. నాకేమో వంద నోడ్ల ఫలితాలు కావాలి. కాబట్టి టాసిమ్.

ఈపాటికి టాసిమ్ కొత్త రూపు దిద్దుకుంది. రేడియోలో ఒక ప్యాకెట్టు అందుతుందా లేదా అన్నది, అవతలి సిగ్నల్ ఎంత బలంగా ఉంది, ఇక్కడ చుట్టుపక్కల రొద ఎంత ఉంది అన్న రెండిటి మీదా ఆధారపడుతుంది. ఈ రొదని ఏదో ఒక స్థిరమైన అంకె అనుకుంటే తప్పు, అది గుంపులు గుంపులుగా వస్తుంది, ఎవడో వైఫైలో సినిమా దించుకుంటుంటే ఒకలా, ఆపేస్తే ఒకలా. అందుకని 2007లో హ్యుంగ్‌జూన్ లీ, అల్బెర్టో సెర్పా, ఫిలిప్ లెవిస్ (అప్పటికి స్టాన్‌ఫర్డ్ చేరాడు) ఒక పని చేశారు. నిజం చోట క్షణక్షణం రొదని కొలిచి, ఆ వరసని సిమ్యులేటర్‌కి వినిపించి, అదే బాణీలో కొత్త రొద పుట్టించేలా చేశారు. చాలా అందమైన పని. ఆ కొలతల ఫైలు టైనీఓఎస్‌తో పాటే వచ్చేది. దాని పేరు 'మేయర్-హెవీ'.

పాఠంలో ఆ ఫైలు వాడమని ఉంది, వాడాను. మేయర్ ఎవరో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఎవరో శాస్త్రవేత్త పేరనుకున్నానేమో, గుర్తులేదు. వంద నోడ్లని పది పదుల వరసల్లో పేర్చి, నెలరోజులు నడిపితే నా పద్ధతిలో 98 శాతం ప్యాకెట్లు అందాయి. గ్రాఫులు ముచ్చటగా వచ్చాయి.

2012 మే నెలలో, మా విశ్వవిద్యాలయం వాళ్ళ మొక్కజొన్న చేలో 14 మోట్లు పెట్టాను. వాల్‌మార్ట్‌లో కొన్న మూతల డబ్బాలకి బెజ్జాలు పెట్టి, సిలికాన్ పూసి, కర్రలకి కట్టి. అప్పటికి మొక్క మోకాలెత్తు లేదు. అన్నీ బాగా పనిచేశాయి. మా గైడు భుజం తట్టాడు. నేను సెలవు పెట్టి, ఇండియా వెళ్ళి, చెల్లెలి పెళ్ళి చూసుకుని, జూలైలో తిరిగొచ్చాను.

మొక్కజొన్న నా తలని దాటిపోయింది. లోపలికి వెళ్తే పచ్చటి సొరంగంలా ఉంది, ఆకులు మొహానికి గీసుకుంటున్నాయి. మోట్ల రేడియో 2.4 గిగాహెర్ట్జ్. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఇంచుమించు అక్కడే. ఆ తరంగాల్ని నీళ్ళు ఇట్టే పీల్చుకుంటాయి. మొక్కజొన్న ఆకంటే ముప్పాతికకు పైగా నీళ్ళే కదా. నేను నెట్‌వర్కుని నీళ్ళగోడల మధ్య పెట్టానన్నమాట. లెక్క చూస్తే అందినవి 41 శాతం. చివరి వరసలో నాలుగు నోడ్లు బతికే ఉన్నాయి, తేమ కొలుస్తున్నాయి, అరుస్తున్నాయి, వినేవాడు లేడు. బతికున్నాయని ఎలా తెలిసిందంటే, దగ్గరికి వెళ్ళి చూస్తే పచ్చదీపం వెలిగి ఆరుతోంది. మళ్ళీ మూడు దీపాలే దిక్కయ్యాయి.

ఇందులో సిమ్యులేటర్ తప్పేం లేదు. అది అబద్ధం చెప్పలేదు. నా నోడ్ల మధ్య సిగ్నల్ బలం ఎంతో రాసిచ్చింది నేనే, బోడి నేల లెక్కలతో. చేను పెరుగుతుందన్న సంగతి రాయలేదు. రైతుల ఇంట్లో పుట్టినవాడినే మరి!

తర్వాత నేను చేసిన పని చెప్తాను, ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు. థీసిస్ మొదటి పేజీ సారాంశంలో 98 శాతం అని రాశాను. 41 సంగతి ఆఖరి అధ్యాయంలో, 'ఇకముందు చేయవలసినవి' అన్న శీర్షిక కింద, ఒక్క వాక్యంలో సర్దాను. 'పైరు ఎదుగుదల ప్రభావాన్ని ఇంకా అధ్యయనం చేయాలి' అని. అంకె కూడా వేయలేదు. కమిటీలో ఎవరూ అడగలేదు. పట్టా చేతికొచ్చింది, ఉద్యోగమొచ్చింది. డెల్ఫ్ట్ వాళ్ళ పత్రం నేను అప్పటికే చదివాను. చదివి నవ్వుకున్నాను కూడా. పత్రం పేరులోనే ఓటమి రాసుకున్నవాళ్ళ మధ్య నేనిలా తేలాను.

ఆ మేయర్ ఎవరో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మనిషి కాదు, స్టాన్‌ఫర్డ్‌లో ఒక లైబ్రరీ. 1966లో కట్టింది. నిండా పిల్లలు, ల్యాప్‌టాప్‌లు, వైఫై. అక్కడ కూర్చుని కొలిచిన రొద అది. అంటే నా మొక్కజొన్న చేలో, ఊరవతల, మనిషి అలికిడి లేని చోట, వంద నోడ్లూ కాలిఫోర్నియా లైబ్రరీలో పరీక్షలకి చదువుకుంటున్న పిల్లల మధ్య కూర్చుని ఉన్నాయి. నేనొక్కడినే కాదు, ఆ ఏళ్ళలో టాసిమ్ పాఠం చూసి నేర్చుకున్నవాళ్ళంతా, అడవిలో పెట్టేవాళ్ళూ, గనిలో పెట్టేవాళ్ళూ, ముందు ఆ లైబ్రరీకే వెళ్ళొచ్చారు. 2015లో ఆ భవనాన్ని కూల్చేశారు. ఇప్పుడక్కడ పచ్చిక బయలు. ఫైలు మాత్రం అలాగే ఉంది.

పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు మడకశిర దగ్గర మా మామయ్య వాళ్ళ ఊళ్ళో రెండు రోజులున్నాను. అక్కణ్ణుంచి పావగడ దగ్గరే. పావగడ కర్ణాటకలోది కానీ, మూడు వైపులా మన అనంతపురం నేలే. సంతలో తెలుగే ఎక్కువ వినపడుతుంది. ఆ తాలూకాలోని చెన్నకేశవపురంలో బెంగళూరు ఐఐఎస్సీ, స్విట్జర్లండ్‌లోని లోజాన్ సంస్థ ఈపీఎఫ్ఎల్ కలిసి ఇరవయ్యేళ్ళ కిందటే వేరుశెనగ రైతుల కోసం సెన్సర్ నెట్‌వర్కు పెట్టాయి. కామన్‌సెన్స్ నెట్ అని పేరు. ముందు రైతుల్ని కూర్చోబెట్టి మీకేం తెలిస్తే పనికొస్తుంది అని అడిగి మరీ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. దాని గురించి థీసిస్ రోజుల్లో చదివాను. నా తాతగారి ఊరి పక్కన జరిగిన దాన్ని అమెరికా లైబ్రరీలో కూర్చుని చదవడం అదో తమాషా.

మామయ్యకి ఇదంతా చెప్తే శ్రద్ధగా విన్నాడు. ఆయన బోరుకి మొబైల్ స్టార్టరు ఉంది. కరెంటు రాగానే ఫోనుకి మిస్డ్ కాల్ ఇస్తుంది, ఇంట్లోంచే మోటారు వేస్తాడు. "నీ డబ్బీలు ఎంత దూరం పలుకుతాయప్పా?" అని అడిగాడు. వంద మీటర్లన్నాను. "చెట్లుంటే?" అన్నాడు. ఎమ్మెస్ కమిటీలో నలుగురు ప్రొఫెసర్లు అడగని ప్రశ్న. 41 అంకె ఆయనకి చెప్పాను. మొదటిసారి ఒకరికి చెప్పడం అదే.

సిమ్యులేటర్లు వద్దనే రకాన్ని కాదు నేను. అవి లేకపోతే నా ప్రోగ్రాములో ఉన్న ముప్ఫై బగ్గులూ చేలోనే వెతుక్కోవలసి వచ్చేది. స్వీడన్ వాళ్ళు 2006లో 'కూజా' అనే సిమ్యులేటర్ తెచ్చారు. మన మంచినీళ్ళ కూజా కాదు, కాంటికీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి జావాలో రాసింది కాబట్టి ఆ పేరు. మంచి సామాను. ఇప్పటికీ కొత్తవాళ్ళు దాంతోనే మొదలుపెడతారు. తెరవగానే మొదటి ఎంపికగా వచ్చే రేడియో నమూనా ఏమిటో తెలుసా? గుండ్రటి గీతే. కాట్జ్ వాళ్ళు రాసిన రెండో అపోహ, ఇన్నేళ్ళ తర్వాత కూడా, పచ్చరంగులో. మార్చుకునే వీలుంది. ఎంతమంది మారుస్తారన్నదే ప్రశ్న.

మధ్యేమార్గాలు కూడా వచ్చాయి. హార్వర్డ్ వాళ్ళు తమ భవనంలోనే గది గదికీ మోట్లు బిగించి, ప్రపంచంలో ఎవరైనా ఇంటర్నెట్ మీద తమ ప్రోగ్రాము ఎక్కించి చూసుకోవచ్చన్నారు, 2005లో. మోట్‌ల్యాబ్ అని. కేరళలో అమృత విశ్వవిద్యాలయం వాళ్ళయితే మున్నారులో కొండచరియలు విరిగేముందు హెచ్చరించే సెన్సర్లు పెట్టడానికి ముందు, ల్యాబులో మట్టితో వాలు కట్టి, దాని మీద నీళ్ళు కురిపించి, విరగ్గొట్టి చూశారు. మట్టితో చేసిన సిమ్యులేటర్ అది. 2009 జూలైలో వాళ్ళ నెట్‌వర్కు మున్నారులో నిజంగానే హెచ్చరిక ఇచ్చింది.

సరే, మా కోల్డ్ స్టోరేజీ దగ్గరికొద్దాం. మర్నాడు నేను మావాళ్ళు కట్టిన సిమ్యులేషన్ తెరిచి చూశాను. అరలున్నాయి, గోడలున్నాయి, ఇనుప తలుపులున్నాయి, ఎంతో శ్రద్ధగా చేశారు. అరల్లో సరుకు లేదు. ఖాళీ గోదాము. ఆ గోదాములో ఎక్కువగా ఉండేది సెలైన్ సీసాలూ, ఇంజెక్షన్ మందులూ. అంటే మళ్ళీ నీళ్ళే. పైగా వారానికోసారి కొన్ని గోడల్లా లేస్తాయి, కొన్ని మాయమవుతాయి.

మేనేజరుకి ఒక్క ప్రశ్నతో మెయిలు రాశాను: డిసెంబరులో మీ గోదాము ఎంత నిండుతుంది? పది నిమిషాల్లో ఫోను చేశాడు. ఈసారి నేను మొక్కజొన్న చేను సంగతి, 41తో సహా, ఆయనకీ చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ నాలుగు నోడ్ల దగ్గర మొక్కలు ఎంత ఎండిపోయాయో తెలిసిందా?" అని అడిగాడు. తెలియలేదన్నాను. ఇక్కడ ఉన్నవి టీకాలు కదా, ఆయనకి అర్థమైంది.

వచ్చే సోమవారం నుంచి రెండు వారాలు, 12 సెన్సర్లు. ఏ అరలో ఎక్కడ బిగించాలో నేనే ఎంచాలట, నిచ్చెన కూడా నేనే ఎక్కాలట. లోపల 4 డిగ్రీలు. మా ఆవిడ మంకీ క్యాపు బయటికి తీసి పెట్టింది.